పన్నెండడుగుల దారి

అన్నవరం అనగానే తెలుగువారి మనసులో మెదిలేది రత్నగిరి మీది సత్యదేవుడూ, సామూహిక వ్రతాలూ, ఆకు పొట్లంలో కట్టి ఇచ్చే గోధుమరవ్వ ప్రసాదమూను. రైలు దిగి గానీ, 16వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు దిగి గానీ వచ్చినవారు కొండ ఎక్కుతారు, దర్శనం చేసుకుంటారు, పొట్లం పట్టుకుని మళ్ళీ అదే రైలో బస్సో ఎక్కి వెళ్ళిపోతారు. అందులో తప్పేమీ లేదు. మ్రొక్కు తీర్చుకోవటానికి వచ్చినవారికి ఊరి భూగోళంతో పనేమిటి? ఐతే కొండ మీద నుంచి పడమటి దిక్కుగా కాసేపు చూపు నిలిపితే, కింద పంపా జలాశయమూ, దాని ఆవల దూరం వెళ్ళేకొద్దీ రంగు వెలిసిపోతున్న కొండల వరుసలూ కనిపిస్తాయి. ఆ కొండల వైపు వెళ్ళే సన్నని తారు దారుల గురించీ, వాటి మీద సైకిలు తొక్కటం గురించీ, ఆ దారులకు పొంచి ఉన్న ముప్పు గురించీ నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. వాటిని చెప్పుకోవటానికే ఈ నాలుగు మాటలూ.

గోదావరి జిల్లా అన్నప్పుడు బయటివారి ఊహలోకి వచ్చేది కోనసీమ. కొబ్బరితోటలు, కాలువ గట్లు, లాకులు, గట్టు మీద సైకిలుకు కట్టిన అరటిగెలలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తైన తరువాత ఆ కాలువలు వచ్చాయి. కాలువలతోపాటే గట్లూ వచ్చాయి. గట్టు దారికి ఎత్తుపల్లాలు ఉండవు. నీరు పారే వాలు ఎంత ఉంటుందో దారి వాలూ అంతే. అక్కడ సైకిలు తొక్కటం ఒక సుఖం, కాదనను. కానీ అన్నవరం డెల్టాలోది కాదు. ఇది మెట్ట. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు కాకినాడ జిల్లాలో చేరిన ఊరు. ఇక్కడ సముద్రానికీ తూర్పు కనుమలకూ నడుమ మైదానం బాగా ఇరుకు. అందువల్లనే చెన్నై-హౌరా రైలుమార్గమూ, జాతీయ రహదారీ పక్కపక్కనే ఒదిగి పోవలసి వచ్చింది. ఆ రెండింటినీ దాటి పడమటికి తిరిగితే చాలు, లారీల హోరు వెనకపడి, చెవులకు మొదట వింతగా ఉండే ఒక నిశ్శబ్దం మొదలవుతుంది.

అన్నవరం నుంచి శంఖవరం, అక్కడి నుంచి రౌతులపూడి. నాకు ఇష్టమైన దారి ఇదీ. జీడిమామిడి తోటలు, కర్రపెండలం చేలు, ప్రత్తి, అక్కడక్కడ పామాయిలు తోటలు. (పెద్దాపురం, సామర్లకోటల సగ్గుబియ్యం మిల్లులు నడిచేది ఈ మెట్ట దుంపలతోనే. పాయసంలో పూసలను చూసి పెండలం మొక్కను ఊహించగలవారు ఎందరున్నారో!) మాఘమాసంలో జీడిమామిడి పూతకు ఒక ఘాటైన తీపి వాసన ఉంటుంది. కారులో వెళ్ళేవారికి అది అందదు, అద్దాలు దించినా అందదు, ఎందుకంటే వాసనను పసిగట్టేలోపు తోట దాటిపోతుంది. మోటారుసైకిలు వారికి పెట్రోలు వాసన అడ్డం. నడిచేవారికి అందుతుంది గానీ, వారికి ఒక పూటలో ఒకటో రెండో తోటలు. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంలో ఒక విశేషం ఉంది: తోట వాసన మొదలవటమూ, చిక్కబడటమూ, పలచబడి పొలం వాసనలోకి మారటమూ మూడూ తెలుస్తాయి. దారి వాలు కూడా అంతే. నేల ఎక్కడ లేస్తున్నదో కంటికంటే ముందు మోకాలికి తెలుస్తుంది. శంఖవరం దాటాక నేల నెమ్మదిగా లేస్తూ పోవటం కారులో కూర్చున్నవారు ఎన్నడూ గమనించి ఉండరు.

ఆ దారిలో ఒక టీకొట్టు వద్ద ఒక పెద్దాయన నన్ను అడిగారు: "ఏం బాబూ, బండి పాడైపోయిందాండి? సైకిలేసుకొచ్చారు."

"లేదండి బాబాయిగారూ, కావాలనే తొక్కుతున్నాను," అన్నాను.

"కావాలనా! మా మనవడు బండి కొనివ్వలేదని రెండ్రోజులు అన్నం మానేశాడండి. మీరేమో ఉన్న బండి ఇంటి దగ్గర ఒదిలేసి తొక్కుతున్నారు. ఆయ్, రోజులండి," అని నవ్వి, టీకి డబ్బులు నన్ను ఇవ్వనియ్యలేదు.

ఆయన మాటలో వెటకారం లేదు. ఉన్నదంతా సత్యమే. మన దేశంలో సైకిలు ఇద్దరి వద్దే మిగులుతోంది: గతిలేనివారి వద్దా, నాబోటి సరదాగాళ్ళ వద్దా. నడుమనున్నవారందరూ దిగిపోయారు. ఒకప్పుడు సైకిలు ఉండటమే ఒక హోదా. పెళ్ళిలో అల్లుడికి సైకిలూ, చేతిగడియారమూ, రేడియో పెట్టిన కాలం ఒకటి ఉంది. పురపాలక సంఘాలు సైకిళ్ళకు పన్ను కట్టించుకుని బిళ్ళ ఇచ్చేవి. బిళ్ళ లేని సైకిలును పట్టుకునేవారు. రాత్రివేళ దీపం లేకపోతే జరిమానా. అంటే, ప్రభుత్వం దృష్టిలో అదొక వాహనం. ఇప్పుడు పన్నూ లేదు, బిళ్ళా లేదు, రోడ్డు వేసేటప్పుడు సైకిలు అనే వస్తువొకటి ఉన్నదన్న తలంపూ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళలో సైకిలు ఉంది. అప్పట్లో కారు ఉన్న ఇళ్ళు నూటికి అయిదు కూడా లేవు. ఐనా ఏ రహదారినైనా చూడండి, అది ఎవరిని తలచుకుని కట్టినదో మీకే తెలుస్తుంది. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం మూతపడింది. మా తరం అడ్డతొక్కుడు నేర్చుకున్నది ఆ సైకిళ్ళ మీదే కాబట్టి ఆ వార్త చదివినప్పుడు మనసు చివుక్కుమన్నది. (తెలుగునాట సైకిలు బొమ్మ లేని గోడ లేదనుకోండి. అది వేరే సంగతి.)

ఇంతకూ చెప్పవచ్చేదేమిటంటే, సైకిలుకు ప్రత్యేకమైన దారులు వేయమని నేను అడగటం లేదు. పట్నాలలో ఎరుపు రంగు పూసి, వారం తిరగకుండా వాటి మీద కార్లు నిలిపే ఆ వైభవం చూశాము. ఉన్న దారులను ఉన్నట్టు ఉంచమంటున్నాను.

ఇంగ్లాండులో రెండు మాటలకు అధికారికమైన నిర్వచనాలున్నాయి. 1600వ సంవత్సరం నుంచి ఎడతెగకుండా అడవిగానే ఉన్న నేలను వారు ప్రాచీనవనం అంటారు. ఆ వనం ఒక పటంలోకి ఎక్కుతుంది. దానిని నరకాలన్నవాడు గట్టి కారణం చూపించాలి. రెండవది ప్రశాంతవీధి. 2000 సంవత్సరపు రవాణా చట్టం ప్రకారం స్థానిక సంస్థలు కొన్ని పల్లెదారులను ఆ పేరుతో గుర్తించవచ్చును. అక్కడ మోటారు వాహనాలు రాకూడదని కాదు. నడిచేవారికీ, సైకిలువారికీ, గుర్రాలవారికీ ఆ దారి మీద సమాన హక్కు ఉన్నదనీ, మోటారువాడు ఆ సంగతి ఎరిగి మెలగాలనీ. ఆ దేశమేమీ స్వర్గం కాదు. ఉన్న అడవిని చాలా భాగం వారు ఏనాడో నరుక్కున్నారు, మిగిలింది ఆ కాస్త గనుకనే ఇంత పట్టింపు. మన అడవులను కూడా ఓడలకూ రైలుపట్టాల కింది దుంగలకూ నరికించిన పాలన వారిదే. ఐనా ఒక వస్తువుకు పేరు పెట్టటంలో ఒక బలం ఉన్నది. పేరు ఉన్నదానిని తీసివేయాలంటే ఎవరో ఒకరు సంతకం చెయ్యాలి. పేరు లేనిదానిని తీసివేయటానికి పొక్లెయినరు చాలు.

మనకు ఈ రెండూ ఉన్నాయి, పేర్లే లేవు. రౌతులపూడి దాటి కొండల్లోకి వెళ్ళినా, ఏలేశ్వరం మీదుగా అడ్డతీగల వైపు ఎక్కినా, మద్ది, వేగిస, బండారు, ఇప్ప, తునికి, కరక, వెదురు కలగలిసిన అడవి మొదలవుతుంది. ఇది వయసు లెక్క కట్టి పటంలో ఎక్కించిన అడవి కాదు. 1882 మద్రాసు అటవీచట్టం దీనికి రిజర్వు అడవి అని పేరు పెట్టింది. ఆ పేరు చెట్టు కోసం పెట్టినది కాదు, కలప కోసం పెట్టినది. అంతకు ముందు నుంచీ అందులో కొండదొరలు, కొండరెడ్లు, కోయదొరలు ఉన్నారు. అందుచేత మానవ స్పర్శ లేని అరణ్యం అంటూ మురిసిపోవటం కూడా నాకు నచ్చదు. చింతచెట్టు ఉన్నచోటల్లా ఒకప్పుడు ఒక గూడెం ఉండి ఉంటుందని కొండ ఎరిగినవారు చెప్తారు. మామిడి, పనస, చింత ఒకచోట గుంపుగా కనిపిస్తే అది మనిషి నాటిన నీడే.

అడ్డతీగల ఊరి పేరులోనే అడ్డతీగ ఉన్నది. మద్ది చెట్ల మీదికి అల్లుకుని పైదాకా పాకే మహాతీగ అది. దాని ఆకు రెండు రెక్కలుగా చీలి, అరచేయంత ఉంటుంది. కోస్తా జిల్లాలన్నిటా పెళ్ళిళ్ళలోనూ, గుళ్ళలోనూ పరిచిన విస్తళ్ళు ఈ ఆకుతో కుట్టినవే. అడవిలో ఆకు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి, కట్టలు కట్టి సంతకు తెచ్చేది ఎక్కువగా ఆడవారు. ప్లాస్టిక్ పూత పూసిన కాగితం పళ్ళేలు వచ్చాక ఆ బేరం చాలా తగ్గింది. కొండ మీది పుణ్యక్షేత్రానికీ కొండల్లోని అడవికీ ఉన్న చుట్టరికం ఏమిటని ఎవరైనా అడిగితే నేను విస్తరాకునే చూపిస్తాను. భోజనం చేసి ఆకు మడిచేటప్పుడు అది ఏ దారి మీదుగా వచ్చిందో తలచుకునేవారు అరుదు.

ఇక దారుల చరిత్ర. దీనిని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మన్యంలో రోడ్డు అనే మాట ఎన్నడూ అమాయకమైనది కాదు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన లేచిన తిరుగుబాటుకు అటవీచట్టమూ, పోడు మీద నిషేధమూ ప్రధాన కారణాలన్నది అందరికీ తెలిసిందే. దగ్గరి కారణాలలో ఒకటి రోడ్డు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేయించిన కొండదారి పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవారి చేత నామమాత్రపు కూలికి వెట్టి చేయించాడు. ఆ దారి వారి కోసం వేసినది కాదు. కలపను కిందికి దించటానికీ, సిబ్బందిని పైకి ఎక్కించటానికీ వేసినది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడులు జరిగాయి. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం. పటం ముందుంచుకుని ఈ పేర్లను కలిపితే వచ్చే గీత మీదనే ఇవాళ 516ఈ జాతీయ రహదారి పోతున్నది: రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట, చింతపల్లి మీదుగా పాడేరు, అరకు దాటి విజయనగరం దాకా. 1923 ఏప్రిల్ 17న రాజు కొద్దిమంది అనుచరులతో అన్నవరం వచ్చాడు. కొండ ఎక్కి స్వామిని దర్శించుకున్నాడు. ఆయన ఏ దారిన వచ్చాడో చెప్పటానికి నా వద్ద ఆధారం లేదు గనుక చెప్పను. కాని కొండల నుంచి అన్నవరానికి దిగాలంటే దారులు కొన్నే. వాటిలో ఏదో ఒకదాని మీద నేను ఇవాళ బ్రేకులు పట్టుకుని దిగుతున్నానన్న తలంపు వచ్చినప్పుడు మాత్రం ఒళ్ళు కాస్త జలదరిస్తుంది.

ఆ 516ఈ మీద కొన్నేళ్ళుగా విస్తరణ పనులు జరుగుతూ వచ్చాయి. జాతీయ రహదారి అన్నాక అది సహజమే. మైదానంలో 16వ నంబరు రహదారిని స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరుసలు చేసినప్పుడు మర్రులూ, చింతలూ పడిపోయాయి. పాత జిల్లాబోర్డుల కాలంలో ఆ చింతచెట్లకు అంకెలు వేసి, మొదళ్ళకు సున్నం కొట్టి, ఏటేటా కాపును వేలం పాడేవారు. ఒక్కొక్క చెట్టుకూ ఖాతా ఉండేది. తరువాత 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. అనుమతి లేకుండా చెట్టు కొట్టరాదనీ, కొట్టినచోట మళ్ళీ నాటాలనీ అందులో ఉంది. నాటుతున్నారు కూడా, కాదనరాదు. కాని రోడ్డు మధ్యన గన్నేరు మొక్కలు నాటి, అంచున పడగొట్టిన చింతకు అది బదులని లెక్క చూపితే నేనొప్పుకోను. గన్నేరు నీడలో ఎవరూ మూట దించుకోరు.

పెద్ద రోడ్ల మీద నాకు వాదన లేదు. అవి పోవలసినవే పోతున్నాయి. నా బాధంతా వాటిని చూసి చిన్న దారులు కూడా పెద్దవి కావాలని అందరూ కోరుకోవటం గురించి. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో తారు వెడల్పు 3.75 మీటర్లు, అంటే సుమారు పన్నెండడుగులు. రోజుకు వంద మోటారు వాహనాలకు మించని చోట 3 మీటర్లతోనే సరిపెట్టవచ్చునన్నారు. రెండు వరుసల రోడ్డు 7 మీటర్లు; జాతీయ రహదారికి అంచుల తారు కలిపి 10 మీటర్లు. ఈ అంకెలు ఇంజనీర్ల గొడవ అనిపిస్తాయి గానీ, ఒక లోయ తలరాతను నిర్ణయించేవి ఇవే. పన్నెండడుగుల దారి మీద రెండు వైపుల చెట్ల కొమ్మలు పైన కలుసుకుంటాయి. ముప్ఫై మూడడుగుల దారి మీద కలుసుకోవు. పన్నెండడుగుల దారి మీద ఎదురుపడ్డ రెండు వాహనాలలో ఒకటి ఆగి పక్కకు దిగాలి. ఆ ఆగటంలో మనిషి మనిషి ముఖం చూస్తాడు. ముప్ఫై మూడడుగుల మీద ఎవడూ ఎవడి కోసమూ ఆగనక్కరలేదు. నీడ పోవటమూ, వేగం పెరగటమూ ఒకే రోజున జరుగుతాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. దానిని తేలికగా తీసివేయటం అన్యాయం. "నీవు ఆదివారం నాడు వచ్చి చెట్ల నీడన సైకిలు తొక్కి వెళ్ళిపోతావు. గూడెంలో పురుటి నొప్పులు పడుతున్న ఆడకూతురును డోలీ కట్టి మోసుకు వచ్చేవారికి నీ నీడ ఏం చేసుకోను?" ఈ మాట నిజం. మన్యంలో ఈనాటికీ డోలీ మోతలున్నాయి. పత్రికలలో ఆ బొమ్మలు మనం చూస్తూనే ఉన్నాము. రోడ్డు లేని గూడేనికి రోడ్డు పడాలి. అందులో రెండో మాట లేదు. నా సైకిలు ముచ్చట కోసం ఒక్క గూడెం దారి ఆగినా అది పాపమే.

కాని ఆ ఆడకూతురుకు కావలసిన దారి ఎంత? 108 వాహనం పట్టేంత. అంటే మూడు మీటర్లు, పోనీ మూడుంపాతిక. వానాకాలంలో కొట్టుకుపోని కల్వర్టులు, మలుపు వద్ద తప్పుకునేందుకు కాస్త చోటు. అంతకు మించిన వెడల్పు ఆమె కోసం కాదు. అది ఇంకెవరి కోసమో, ఆమె పేరు చెప్పి వేస్తున్నది. డోలీ బొమ్మ చూపించి రోడ్డు మంజూరు చేయించుకుని, ఆ రోడ్డు మీద గూడెం మనిషి అంచున నడిచి పోవలసినట్టు టిప్పర్లు తిప్పటం మన దేశంలో కొత్త కాదు.

ఇది ఊహ కాదు. 2021లో నాతవరం మండలం భమిడికలొద్ది వైపు లేటరైటు తవ్వకాల గురించీ, రౌతులపూడి మండలం మీదుగా అక్కడికి వేసిన బాట గురించీ పెద్ద వివాదం రేగి, గ్రీన్ ట్రిబ్యునలు దాకా వెళ్ళింది. దాని రాజకీయాలలోకి నేను పోదలచుకోలేదు; ఏ పక్షం వారు ఎప్పుడు ఏమన్నారో పాఠకులకే గుర్తుండి ఉంటుంది. నాకు కావలసింది ఒక చిన్న లెక్క. పది చక్రాల టిప్పరు సరుకుతో కలిపి 28.5 టన్నుల దాకా తూగవచ్చునని 2018లో సవరించిన నియమం చెబుతున్నది. అరవైల తొలినాళ్ళకు అమెరికాలో పూర్తైన రోడ్డు పరీక్షల నుంచి ఇంజనీర్లందరూ ఒప్పుకునే సూత్రం ఒకటుంది: ఇరుసు మీది బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు కాదు, సుమారు పదహారింతలు. పల్లెదారిని ఎడ్లబళ్ళకూ, ట్రాక్టర్లకూ, బస్సుకూ సరిపడా కడతారు. దాని మీద టిప్పర్లు ఒక్క వేసవి తిరిగితే చాలు, వానలకు గుంటలు తేలుతుంది. గుంటలు పడ్డాయి కనుక వెడల్పు చేసి గట్టిగా వేయాలంటారు. వెడల్పు చేయాలి కనుక చెట్లు కొట్టాలంటారు. వెడల్పైంది కనుక ఇంకా ఎక్కువ టిప్పర్లు వస్తాయి. ఈ గొలుసులో మొదటి కొక్కెం దగ్గరే అడ్డుకోవాలి గానీ, చెట్టు మీద గొడ్డలి పడ్డాక వెళ్ళి చెట్టును కౌగలించుకుంటే ప్రయోజనం ఉండదు.

ఆ మొదటి కొక్కెం వద్ద చేయదగిన పని చాలా చిన్నది. దారి మొదట్లో బరువు హద్దు పలక ఒకటీ, పలక మాటను నిలబెట్టేటంత ఎత్తున ఒక ఇనుప కమానూ. బస్సు పట్టాలి, 108 పట్టాలి, గడ్డి ట్రాక్టరు పట్టాలి, టిప్పరు పట్టకూడదు. రైల్వేవారు తమ గేట్ల వద్ద తీగలు కాపాడుకోవటానికి ఎప్పటినుంచో ఎత్తు కమానులు కడుతున్నారు. ఏజెన్సీ ప్రాంతాలలో గ్రామసభకు 1996 పెసా చట్టం ఇచ్చిన అధికారం ఉంది. అటవీహక్కుల చట్టం 2006లో వచ్చింది. ఆ సభ "ఈ దారి ఇంతే వెడల్పు ఉండాలి" అని తీర్మానం చేస్తే దానికి విలువ ఉండాలని నా అభిప్రాయం. ఒకవేళ ఆ సభ "మాకు పెద్ద రోడ్డే కావాలి" అంటే? అప్పుడు నేను నోరు మూసుకుని, ఇంకో దారి వెతుక్కుంటాను. వాళ్ళ ఊరు అది.

ఈ మాట మా సైకిలువారికి కూడా చెప్పవలసి ఉంది. ఈ మధ్య పట్నాల నుంచి కార్ల మీద సైకిళ్ళు కట్టుకుని వచ్చి, ఘాటు రోడ్డు మొదట్లో దించుకుని, తొక్కి, ఫొటోలు తీసుకుని వెళ్ళేవారు ఎక్కువయ్యారు. సైకిలు ఖరీదు లక్ష, దాని మీద మనిషి వేసుకున్న బట్టల ఖరీదు ఆ దారిన పోయే కూలివాని నెల సంపాదన. పదమూడున్నర గంటలలో 200 కిలోమీటర్లు పూర్తిచేసే బ్రెవేలంటే నాకూ గౌరవమే. తొక్కినవారి పట్టుదల సామాన్యం కాదు. ఐతే గడియారం చూసుకుంటూ పోయేవాడు కూడా ఒకరకంగా కారువాడే. చెట్టు పేరు తెలియదు, ఊరి పేరు తెలియదు, సంత ఏ వారమో తెలియదు. నీళ్ళ సీసాలు అడవిలో పారవేసి, ప్రకృతి ప్రేమ గురించి సాయంత్రం వ్రాస్తారు. ఆ దారి మీద మొదటి హక్కు మనది కాదు. క్యారేజీకి అన్నం డబ్బా కట్టుకుని జీడిపిక్కల పనికి పోయే ఆమెది. వెనకాల చెల్లెల్ని కూర్చోబెట్టుకుని హైస్కూలుకు తొక్కే పిల్లది. 2006లో బీహారు ప్రభుత్వం ఆడపిల్లలకు సైకిళ్ళు ఇవ్వటం మొదలుపెట్టాక హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య పెరిగిందని పరిశోధకులు తేల్చారు. తరువాత మన రాష్ట్రంలోనూ ఇచ్చారు. సైకిలు ఇచ్చిన చేత్తోనే ఆ సైకిలు నడిచే దారి మీదికి టిప్పరును వదిలితే ఆ పిల్ల తండ్రి ఏం చేస్తాడు? సైకిలును చూరుకు వేలాడదీసి, పిల్లను బడి మాన్పిస్తాడు, లేదా ఆటో కట్టిస్తాడు. మనం ఆ పిల్లకు భద్రమైన దారిని అడిగితే, మన సరదా కూడా దానితోపాటు నడిచిపోతుంది. మన సరదాను ముందు పెట్టి అడిగితే ఎవరూ వినరు. వినకపోవటమే న్యాయం కూడా.

చివరగా, ఇటు తొక్కాలని ఎవరికైనా బుద్ధి పుడితే కొన్ని సంగతులు. కార్తీకంలో అన్నవరం పొలిమేరలకు సైకిలుతో రాకండి. యాత్రికుల వాహనాల మధ్య ఇరుక్కుంటారు. మార్గశిరం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఫాల్గుణంలో ఎండ ముదిరినా, మోదుగలు పూసి ఉంటాయి గనుక తెల్లవారుజామున బయలుదేరి తొమ్మిదింటికల్లా తిరిగి వచ్చేటట్టు చూసుకుంటే ఆ ఎర్రదనం చూడవచ్చు. గేర్లు లేని పాత సైకిలైనా రౌతులపూడి దాకా నిక్షేపంగా పోతుంది, ఆ పైన ఎక్కుడు వచ్చినచోట దిగి నడిపించుకుపోవటంలో నామర్దా ఏమీ లేదు. అదనంగా ఒక ట్యూబూ, పంపూ ఉంచుకోండి. ఊళ్ళలో పంక్చరు వేసే కొట్లు ఉన్నాయి గానీ, మోటారుసైకిళ్ళ పనే ఎక్కువై, సైకిలు వాల్వు గొట్టం అన్నిచోట్లా దొరకటం లేదు. పుష్యమాసంలో కొండల మొదట్లో మంచు ఎనిమిదిన్నర దాకా విడవదు. వెనక దీపం తప్పనిసరిగా వెలిగించుకోండి. వచ్చేది పాలవాడో, పిల్లల బస్సో, టిప్పరో అంత మంచులో తెలియదు.